రెప్ప వాలితేనే తుపాకీ

మా వదినంటే నాకు ఒళ్ళుమంట. ఈ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ కూడా సుఖం. ఆవిడ గురించి అడిగేవాళ్ళంతా ఏదో గొప్ప వినాలని వస్తారు. ఒంటరి ఆడది, బొమ్మ నీళ్ళ తుపాకుల కార్ఖానా పెట్టింది, నలుగురికి పని చూపిస్తోంది, ఆహా ఓహో అనేసి పోతారు. అలా అన్నవాడెవడూ ఆ కార్ఖానాలో స్టూలు మీద కూర్చోలేదు. నేను కూర్చున్నాను. మా ఆయన కూర్చున్నాడు. కాబట్టి నన్ను చెప్పనివ్వండి.

వదినంటే మా ఆయన అక్క. వీధి వీధంతా ఆవిణ్ణి ఫిరంగి అంటారు, మొహం మీద అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు. కింద కార్ఖానా, పైన ఇల్లు. పొద్దున్న మిషను మొదలైందంటే పైన గిన్నెలు కూడా గలగలమంటాయి. కరిగిన ప్లాస్టిక్కు వాసన దిండు గలేబుల్లోకి కూడా పట్టేసింది. కింద ఒక మూల అచ్చులు పోసే మిషను, దాన్ని నడిపే మిషనాయన, మధ్యలో మేం భాగాలు బిగించే పొడుగాటి బల్ల, వెనక గోడకి రేకు, ఆ రేకు ముందు స్టూలు. ఆ స్టూలు దగ్గరే మా బతుకులన్నీ తెల్లారాయి.

ఆవిడ మొదట బకెట్లూ మగ్గులూ చేసే ఫ్యాక్టరీలో కూలికి పోయేది. అమ్మా నాన్నా పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది. ఒప్పుకుంటాను, పెంచింది. ఆ సంగతి మా ఆయన నాకు పెళ్ళైన నాటి నుంచి రోజుకోసారి గుర్తు చేస్తూనే ఉన్నాడు. ఫ్యాక్టరీ మూతపడి సామానంతా తూకానికి అమ్మేస్తుంటే, అందులోంచి అరిగిపోయిన పిస్తోలు అచ్చు ఒకటి తెచ్చుకుంది. అరచేతిలో ఇమిడిపోయే పిస్తోలు అది. మీట నొక్కితే లోపల చిన్న పిస్టను కదిలి, మూతిలోంచి నాలుగు చుక్కలు ఉమ్మినట్టు పడేవి. అంతే, అదే మా వంశానికి మూలపురుషుడు.

ఆ అచ్చులో పోసిన పిస్తోలు పట్టుకుని హోల్‌సేల్ బొమ్మల కొట్టుకి వెళ్ళిందిట. కొట్టాయన అటూ ఇటూ తిప్పి చూసి, "ఏమ్మా, ఇది తుపాకీనా, తుమ్మా?" అని నవ్వాడుట. మా వదిన ఊరుకునే రకమా? అక్కడికక్కడే దాంతో ఆయన మొహాన నీళ్ళు కొట్టింది. ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"తుమ్మే అయితే కళ్ళెందుకు మూసుకున్నారండీ?" అందిట.

కొట్టాయన మొహం తుడుచుకుని, పకపకా నవ్వి, డబ్బాలు దింపుకున్నాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో కొలత అదే. మిగతావాళ్ళు తుపాకీ ఎంత దూరం కొడుతుందో టేపు పెట్టి చూసుకుంటారు. మా దగ్గర అలా కాదు. కొత్త రకం తయారవగానే ఒకరు స్టూలు మీద కూర్చోవాలి, ఇంకొకరు పదడుగుల దూరం నుంచి నుదుటికి గురిపెట్టి కొట్టాలి. ధార రావడం చూసి కూర్చున్న మనిషి రెప్ప వాలితే తుపాకీ పాసు. వాలకపోతే బలం చాలదు, మళ్ళీ మొదటికి. చేసినవాళ్ళు ముందు కూర్చోవాలి, తర్వాత ఇంటివాళ్ళు. పనివాళ్ళని కూర్చోబెట్టకూడదు. పాసైతేనే డబ్బా మీద మూసిన కన్ను బొమ్మ అచ్చు వేస్తారు. ఆ మూసిన కన్ను చూసే పిల్లలు మా తుపాకులు కొంటారని కొట్టాయన అంటాడు. ఈ రూల్సన్నీ ఆవిడ పెట్టినవే. ఇంకెవరికి పుడుతుంది ఇలాంటి బుద్ధి?

ఆ ఉమ్మి పిస్తోలు బాగానే పోతూ ఉండగా, పక్క వీధిలో ఇంకొకడు దానికి రెట్టింపుది దింపాడు. అంతే, మా వదినకి నిద్ర పట్టలేదు. వాడి తుపాకీ ఒకటి తెప్పించి, కంచంలో అన్నం పక్కకి నెట్టి, ఆ కంచంలోనే దాన్ని ముక్కలు ముక్కలుగా విప్పిందని మా ఆయన చెబుతాడు. తర్వాత తనే ఒకటి చేసింది. గొట్టం కింద పంపు పిడి, పైన నీళ్ళ సీసా. పిడి ముందుకీ వెనక్కీ ఆడిస్తే సీసాలోకి గాలి ఎక్కుతుంది, మీట నొక్కగానే ఆ గాలి నీళ్ళని బయటికి తోస్తుంది. బాగానే కొట్టేది కానీ సీసా సగమయ్యేసరికి నీరసం వచ్చేసేది. మళ్ళీ పంపు కొట్టాలి, మళ్ళీ కొట్టాలి, పిల్లలకి చేతులు పడిపోయేవి. పక్క వీధివాడు దానికన్నా పెద్దది దింపాడు. ఈవిడ ఇంకా పెద్దది. వాడు మోకాలంత చేస్తే ఈవిడ నడుమంత చేసింది. ఇద్దరూ ఎదురుపడి ఒక్కసారైనా తిట్టుకున్న పాపాన పోలేదు, తిట్లన్నీ తుపాకుల్లోనే.

నేను ఈ ఇంటికి వచ్చేనాటికి ఆవిడ గాలి డబ్బా కనిపెట్టింది. కనిపెట్టానని తనే అంటుంది, మొక్కలకి మందు కొట్టే డబ్బా చూసి చేసిందని మా ఆయన అంటాడు. పెద్ద ట్యాంకులో నీళ్ళు ఊరికే ఉంటాయి. పక్కన గట్టిగా మూసేసిన చిన్న డబ్బా ఒకటి ఉంటుంది. పంపు కొట్టిన కొద్దీ నీళ్ళు ఆ చిన్న డబ్బాలోకి దూరి, లోపలున్న గాలిని మూలకి నొక్కేస్తాయి. మీట నొక్కడమే ఆలస్యం, ఆ గాలి కసి అంతా తీర్చుకుంటుంది. పెళ్ళై వచ్చిన మర్నాడు పొద్దున్నే నన్ను కిందకి పిలిచింది. కార్ఖానా చూపిస్తుంది కాబోలు అనుకుని తల దువ్వుకుని మరీ వెళ్ళాను. స్టూలు మీద కూర్చోమంది. కూర్చున్నాను. కొట్టింది.

కెవ్వున అరిచాను. కళ్ళు మూసుకుని, స్టూలుతో సహా వెనక్కి పడ్డాను. మిషనాయన దగ్గర్నుంచి అందరూ ఒకటే నవ్వు. ఆవిడ నవ్వలేదు.

"భేష్. దీని కళ్ళు కొత్తవి. బాగా పనికొస్తుంది," అంది తమ్ముడితో.

కళ్ళు కొత్తవిట! నేనేమైనా వాషర్నా? ఆ రోజు పైకి వెళ్ళి తల తుడుచుకుంటూ మా ఆయన్ని అడిగాను, ఇదేం ఇల్లండీ అని. ఆయన నీళ్ళు నమిలాడు. అప్పటి నుంచి నములుతూనే ఉన్నాడు.

ఆవిడ పొగరు గురించి చెప్పమంటే రెండు రోజులు చెబుతాను. ఎదురుపడితే పక్కకి తప్పుకోదు, నేనే గోడకి అతుక్కోవాలి. కొత్త బట్టలు కట్టుకుని ముందు నిలబడితే చూసీ చూడనట్టు పోతుంది. మనం నవ్వినా అంతే, మూతి ముడిచినా అంతే. బల్ల మీద నా మంచినీళ్ళ గ్లాసు మోచేత్తో తోసేసి, అక్కడెవరు పెట్టారని నా మీదే విరుచుకుపడుతుంది. దారిలో బకెట్టుంటే దాన్ని తన్ని, బకెట్టు పెట్టినవాళ్ళ ఏడు తరాలూ తిడుతుంది. ఒకసారి ఎర్ర తుపాకులన్నిటికీ నీలం మూతలు బిగించేసింది. ఇదేంటి వదినా అంటే, "పిల్లలకి అదే నచ్చుతుంది, నీకేం తెలుసు?" అంది. నిజంగానే తెగ అమ్ముడుపోయాయి, అదొక మంట. కళ్ళు నెత్తికెక్కాయి ఈవిడకి అని మా అమ్మతో ఎన్నిసార్లు అన్నానో.

గాలి డబ్బా తర్వాత రబ్బరు తిత్తి వచ్చింది. మందపాటి రబ్బరు సంచి ఒకటి తుపాకీ పొట్టలో ఉంటుంది. నీళ్ళు ఎక్కిస్తే ఉబ్బుతుంది, వదిలితే మళ్ళీ మామూలు అయ్యేదాకా ఒకే బలంతో పిండుతుంది. మొదటి చుక్కకీ ఆఖరి చుక్కకీ తేడా ఉండదు. ఆ తిత్తులు బిగించేటప్పుడు జారి నా మణికట్ల మీద ఎన్ని చరుపులు చరిచాయో నాకే తెలుసు. దాని పరీక్షకి ముందు ఆవిడ కూర్చుంది. రెప్ప వాలలేదు. నన్ను కూర్చోమంది. నా రెప్ప వాలింది, ఎందుకు వాలదు? కన్ను ఎర్రగా వాచి, వారం దాకా వెలుతురు చూడలేకపోయాను. అయినా ఆవిడకి ఆనలేదు.

"నువ్వు ఈగ వాలినా కళ్ళు మూస్తావు. నాకు వాలలేదుగా? చాలదు," అంది.

తిత్తి మందం పెంచాం. మూతి రంధ్రం వెడల్పు చేశాం. చాలదంది. మొదట్లో పిస్తోలుకే వాలేదిట ఆవిడ రెప్ప. ఏటేటా అది గట్టిపడిపోయింది. మనం ఎంత పెంచితే అంత బిగుసుకుపోయి కూర్చునేది. నుదుటి మీద నీళ్ళు ఫెళ్ళున పడి జుట్టంతా కారుతున్నా, చూపు తిన్నగా అలాగే. అబ్బ, ఏం గుండె ధైర్యం అని మిషనాయన మురిసిపోయేవాడు. గుండె కాదు నాయనా, రాయి అనేదాన్ని నేను. ఇక చచ్చినా స్టూలెక్కనని ఆనాడే తెగేసి చెప్పేశాను. అప్పుడు ఆ స్టూలు మా ఆయనకి వచ్చింది.

ఆ తర్వాత వచ్చిందే వీపు తుపాకీ. ట్యాంకు వీపుకి తగిలించుకోవాలి, రెండు చేతుల్తో గొట్టం పట్టుకోవాలి. చూడ్డానికే మంటలార్పే సామానులా ఉంటుంది. పిల్లాడు వెనక్కి పడతాడేమో అని నాకు భయం. ఆవిడకి మాత్రం రెప్ప గొడవే. మొదటి పరీక్షలో ఆవిడ కూర్చుంది, మామూలే, రాయి కదల్లేదు. తర్వాత మా ఆయన కూర్చున్నాడు. కొడుతున్నది ఆవిడే. ధార నుదుటికి పోలేదు, పక్కకి జారి ఎడమ కంట్లో పడింది. ఆయన కిందపడి రెండు చేతుల్తో మొహం కప్పేసుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళతో పాటు ఎర్రగా కారింది.

ఆవిడ ఏం చేసిందనుకున్నారు? పరిగెత్తుకొచ్చిందా? లేదు. నిలబడ్డ చోటే నిలబడి, "ఏమైందిరా? తగిలిందా?" అంది.

ఈయన మహానుభావుడు, నేల మీద దొర్లుతూనే, "ఏం లేదక్కా, కాస్త గీరుకుంది," అన్నాడు.

"రెండు రోజుల్లో తగ్గిపోతుందిలే," అనేసి వెనక్కి తిరిగి గొట్టం విప్పుకుంది. ఒక్కసారి వంగి ఆ కంటి వైపు చూసిన పాపాన పోలేదు. ఆ రోజు నా కడుపు మండినట్టు ఎప్పుడూ మండలేదు. కళ్ళ డాక్టరు దగ్గరికి నేనే లాక్కెళ్ళాను. ఆయన చూసి, ఇంకొక్క దెబ్బ ఈ కంటికి తగిలితే నేను చెయ్యగలిగింది ఏమీ ఉండదు అన్నాడు. మా ఆయన పని అచ్చుల గీతలు ఆకురాయితో సరిచేయడం. కన్ను లేకపోతే ఆయన ఎందుకూ పనికిరాడు, ఇంకో పని రాదు కూడా.

అలాంటిది, నెల తిరక్కముందే కొట్టాయన ఎండాకాలం సెలవులకి వీపు తుపాకులు కావాలని కబురు పెట్టాడు. పై గదిలో సాయంత్రం భోజనాల దగ్గర ఆవిడ తాపీగా అంది:

"రేపు పొద్దున్న తమ్ముడు కూర్చుంటాడు. మొన్నటి దెబ్బ గురి తప్పింది, లెక్కలోకి రాదు. నాకు వాలడం లేదు. రెప్ప వాలందే కన్ను బొమ్మ వెయ్యను. అబద్ధం అచ్చు వెయ్యడం నా వల్ల కాదు."

"వదినా, డాక్టరు ఏమన్నాడో మీకు చెప్పాను కదా? ఇంకో దెబ్బ తగిలితే కన్ను పోతుందన్నాడు."

"డాక్టర్లు అలాగే బెదిరిస్తారు. వాడు బాగానే ఉన్నాడు. నేను చూస్తున్నానుగా."

"ఏం చూస్తున్నారు? ఆ కన్ను ఇంకా వాచే ఉంది! ఆ తుపాకీ వెనక రేకుకి సొట్ట పెట్టింది. ఇంకేం బలం కావాలి మీకు?"

"రేకు తుపాకులు కొనదమ్మా. పిల్లలు కొంటారు."

మా ఆయన వైపు చూశాను. ఇప్పుడైనా నోరు విప్పుతాడేమో అని. ఆయన కంచంలో వేలితో గీతలు గీస్తున్నాడు. "అక్క చెప్పిందిగా, ఒక్కసారికి ఏమవుతుందే," అన్నాడు. ఆ అక్క ఏం మందు పెట్టిందో గానీ, కన్ను పీకి ఇమ్మన్నా ఇచ్చేలా ఉన్నాడు. కంచం ముందు నుంచి లేచిపోయాను.

పొద్దున్న మిషను మొదలైంది. ధడ్, ధడ్, ధడ్. స్టూలు రేకు ముందుకి వచ్చింది. మా ఆయన చొక్కా విప్పి తువ్వాలు భుజానేసుకుని, బలికి పోయే మేకలా నడిచాడు. ఆవిడ తడుముకుంటూ ట్యాంకు అందుకోబోయింది. నేను ముందే లాక్కున్నాను.

"చేసినవాళ్ళు ముందు కూర్చోవాలి. రూలు మీదే," అన్నాను.

"మొన్న కూర్చున్నానుగా."

"మొన్న కొట్టింది మీ తమ్ముడు. మీరంటే భయంతో చేతులు వణికి సరిగ్గా కొట్టలేదు. ఇవాళ నేను కొడతాను. అప్పటికీ వాలకపోతే ఆయన్ని కూర్చోబెట్టండి, నేను అడగను."

ఆవిడ నవ్వింది. "కొట్టవే. ఎన్నాళ్ళ నుంచో ముచ్చట పడుతున్నావు కదూ?" అంటూ తమ్ముడి భుజం పట్టుకుని పక్కకి నెట్టి, స్టూలు మీద దర్జాగా కూర్చుంది.

నేను పదడుగుల దూరంలో నిలబడి ట్యాంకు వీపుకి తగిలించుకున్నాను. పంపు కొట్టాను. గొట్టం ఎత్తాను. ఆవిడ నన్నే చూస్తోంది. మెడ నిటారుగా, గడ్డం పైకెత్తి, ఆ చూపు! ఇన్నేళ్ళు ఆ చూపు కిందే బతికాను. నా కొత్త బట్టల్ని, నా వాచిన కన్నుని, నా మొగుడి నెత్తుటిని లెక్క చెయ్యని చూపు. నాకు ఒళ్ళు తెలియలేదు. ఇంత దూరం నుంచి కొడితే ఏం లాభం? ఒక్కసారి, నా వల్ల ఒక్కసారి ఈవిడ భయపడాలి. గొట్టం తీసుకెళ్ళి ఆ కళ్ళ ముందు పెడితే ఎలా వాలదో చూస్తాను అనుకున్నాను.

నడిచాను. నేల తడిగా ఉంటుందని చెప్పులు వేసుకోలేదు. మిషను మోతలో నా అడుగులు నాకే వినపడలేదు. ఎదురుగా గొట్టం ఎత్తుకుని వస్తుంటే ఎవరైనా ఏం చేస్తారు? జరుగుతారు, తిడతారు, కనీసం మొహం చిట్లిస్తారు. ఆవిడ అలాగే కూర్చుంది. ఐదడుగులు. రెండడుగులు. గొట్టం మూతి ఆవిడ కనురెప్పలకి బెత్తెడు దూరంలో ఆపాను. నా వేలు మీట మీదే ఉంది.

"ఏమే!" అని అరిచింది ఆవిడ, ఎక్కడో దూరంగా ఉన్న మనిషికి వినపడేలా, సరిగ్గా నా మొహం మీద. "చేతులు పడిపోయాయా? అక్కడ నిలబడి వణుకుతున్నావా? కొట్టు!"

ఆవిడ ఊపిరి నా చేతికి తగిలింది. గొట్టం కాస్త కుడికి జరిపాను. ఆ కళ్ళు కదల్లేదు. ఎడమకి జరిపాను. కదల్లేదు. నేను ఇందాక నిలబడ్డ చోటునే చూస్తున్నాయి, ఖాళీ గచ్చుని.

ఎవరో మిషను ఆపేశారు.

"ఎవడ్రా ఆపింది?" అంటూ ఆవిడ తల అటు తిప్పింది. గొట్టం మూతి చెంపకి తగిలింది. స్థాణువైపోయింది.

"వదినా, నేను ఇక్కడున్నాను," అన్నాను. అంత దగ్గర నుంచి నా గొంతు వినగానే ఉలిక్కిపడింది. రెండు రెప్పలూ టపటపా కొట్టుకున్నాయి. చేతులు రెండూ స్టూలు అంచుని పట్టుకున్నాయి.

మిషనాయన తల దించుకున్నాడు.

ఆవిడే అడిగింది, నెమ్మదిగా, నాతో ఎప్పుడూ మాట్లాడని గొంతుతో. "రబ్బరు తిత్తిదానికి నీ రెప్ప వాలిందన్నావు. నిజంగానే వాలిందా?"

"వాలింది."

"తిత్తి మందం పెంచాక వీడికి?"

"ఆయనకీ వాలింది. అన్నిటికీ వాలింది వదినా. మీకు తప్ప అందరికీ వాలింది."

ఆవిడ తలూపింది. నా కోపం పోయిందనుకోకండి. పోలేదు, ఇప్పటికీ లేదు. కళ్ళు కనపడనప్పుడు నోరుందిగా, చెప్పొచ్చుగా? నా మొగుణ్ణి చీకట్లో గురిపెట్టి కొట్టడం దేనికి? అదంతా నాలుక చివరి దాకా వచ్చింది. వీపు మీది ట్యాంకు దింపి, మూత తీసి, నీళ్ళన్నీ కాలవలోకి వంపేశాను. వద్దని ఆవిడ అనలేదు.

"ఇలా రారా," అంది.

మా ఆయన వెళ్ళి స్టూలు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆవిడ చెయ్యి గాల్లో వెతుక్కుని ఆయన జుట్టు పట్టుకుంది, నుదుటి మీదకి దిగింది, కనుబొమల దగ్గర ఆగిపోయింది. ఎటు జరపాలో తెలియక ఆ వేళ్ళు అక్కడే తారాడాయి.

"ఏ కన్నురా?" అంది.